మిద్దె మీద ఆగిన ఫ్యాను

అమ్మకు కుడికంటికి శుక్లాల ఆపరేషన్ అయిన వారానికి మా ఇంట్లో ఏసీ చెడిపోయింది. బళ్లారిలో ఎండలు ముదిరిన రోజులవి. చెమట కంట్లోకి దిగకూడదు, కన్ను నలపకూడదు, దుమ్ములో తిరగకూడదు అని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు. మా ఊరి ఎండాకాలంలో ఈ మూడింటిలో ఒక్కటీ మనిషి చేతిలో ఉండదు. అందుకే గాంధీనగర్‌లోని మా ఇంటి చిన్న గదిలో, ఏసీ ఉన్న చోట అమ్మకు మంచం వేశాను. నల్లద్దాలు పెట్టుకుని, చేతులు పొట్ట మీద చేర్చుకుని ఆమె పగలంతా అక్కడే పడుకునేది. పాఠాలు చెప్పే బడికి సెలవులు కాబట్టి నేను పక్కనే ఉండి, వేళకు చుక్కలు వేస్తూ, బైబిల్లో ఆమె అడిగిన అధ్యాయం చదివి వినిపిస్తూ ఉండేదాన్ని.

ఒక మధ్యాహ్నం చదువుతుండగా అమ్మ మధ్యలో ఆపింది.

“గాలి వస్తాంది గానీ సల్లగా ల్యా” అంది.

లేచి చెయ్యి పెట్టి చూశాను. నిజమే. మామూలు ఫ్యాను గాలిలా ఉంది. రిమోట్ నొక్కి చూశాను, ఆపి మళ్లీ వేశాను. మార్పు లేదు. ఇక బయటి డబ్బా సంగతి చూద్దామని చెప్పులు వేసుకుని మిద్దె ఎక్కాను.

మిద్దె కాలిపోతోంది. పిట్టగోడ పక్కన ఇనుప స్టాండు మీద ఉన్న డబ్బా లోపల గుయ్యిమని శబ్దం వస్తోంది కానీ, ముందున్న జాలీ వెనక ఫ్యాను రెక్కలు కదలడం లేదు. దగ్గరికి వెళితే రొట్టెల పొయ్యి ముందు నిలబడినట్టుంది. నేను చూస్తుండగానే లోపల టక్కుమంది. గుయ్యిమనే శబ్దం కూడా ఆగిపోయింది.

గదిలోని వేడిని లాక్కొచ్చి బయట పారబోయడం ఆ డబ్బా పని. పారబోసే ఫ్యాను తిరగకపోతే వేడంతా దాని కడుపులోనే పేరుకుంటుంది. ఇక తట్టుకోలేక యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. ఇది నేను బళ్లో చదువుకున్నదీ కాదు, పిల్లలకు చెప్పేదీ కాదు. నేను చెప్పేది తెలుగు. అయితే నేను మోటార్లు చుట్టేవాడి కూతుర్ని.

మా నాయనకు బళ్లారిలో మోటారు వైండింగు అంగడి ఉండేది. కాలిపోయిన మోటారు తెస్తే, మాడిన తీగంతా పెరికేసి, కొత్త రాగితీగ చుట్టి, వార్నీషులో ముంచి, ఆరబెట్టి ఇచ్చేవాడు. అప్పట్లో అంగడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మోక వైపు నుంచీ రూపనగుడి వైపు నుంచీ వచ్చే రైతులు. కాలువ నీళ్లు వచ్చాక కోస్తా నుంచి వచ్చి క్యాంపులు కట్టుకుని, నల్లరేగడిలో వరి వేసినవాళ్లు. ట్రాక్టరు ట్రాలీలో మోటారు వేసుకుని, మట్టికాళ్లతో దిగి, “ఏవండీ, నారు ఎండిపోతందండీ, ఈ పూట అయిపోద్దాండీ?” అని అడిగేవాళ్లు. ఆ అండీలు మాకు కొత్త. వాళ్లు పోయాక నేనూ తమ్ముడూ ఒకరినొకరం అండీ అండీ అని పిలుచుకుని నవ్వుకునేవాళ్లం. నాయన మాత్రం నవ్వేవాడు కాదు. నాట్ల కాలంలో మోటారు కాలిన రైతు ముఖం ఎట్లుంటుందో చూసి నేర్చుకోండి అనేవాడు.

నాట్ల రోజుల్లో వాళ్లు మోటారు అయ్యేదాకా కదిలేవాళ్లు కాదు. అంగడి ముందు బల్ల మీద కూర్చుని తుండుగుడ్డతో విసురుకుంటూ ఉండేవాళ్లు. ఇల్లు వెనకే కాబట్టి అమ్మ వాళ్లకు జొన్నరొట్టె పెట్టేది. మొదట్లో వాళ్లకు రొట్టె తుంచడమే చేతనయ్యేది కాదు. తర్వాత్తర్వాత రొట్టెలోకి గురెళ్ల కారప్పొడి ఉందాండీ అని అడిగి మరీ వేయించుకునేవాళ్లు. వాళ్లు పంపే సోనా బియ్యం మా ఇంట్లో క్రిస్మస్‌కు వండేవాళ్లం.

తీగ చుట్టేది నాయన. చుట్టిన తీగ ఉండను మోటారు లోపలి గాడుల్లోకి దించేది అమ్మ. ఆమె వేళ్లు సన్నవి. గాడిలో పరిచిన కాగితం చిరగకుండా, తీగ గీసుకుపోకుండా, పిల్లకు జడలో పూలు దూర్చినట్టు దించేది. నేనూ తమ్ముడూ బడి నుంచి వచ్చి మందపు కాగితాలు కత్తిరించేవాళ్లం. టార్చి పట్టుకోవడం నా పని. వార్నీషు వేసిన మోటారును నాయన పెద్ద బల్బులు వెలిగే రేకు డబ్బాలో పెట్టి ఆరబెట్టేవాడు. చలికాలం సాయంత్రాలు మేం ఆ డబ్బా దగ్గర చేతులు కాచుకునేవాళ్లం. ఆ వాసన మా జుట్టుకూ పుస్తకాలకూ పట్టేది. ఆదివారం గుడికి వేసుకునే బట్టలకు కూడా పట్టేది. పాస్టరమ్మ నా తల నిమిరి, ఈ పిల్ల దగ్గర మోటారు వాసన వస్తుంది అనేది. నాకు సిగ్గు వేసేది కాదు. మా ఇంటి వాసన అదే అనుకునేదాన్ని.

నాయన మాకు ఒక మాట నేర్పాడు. ఏ మోటారు వచ్చినా “ముందు చూడల్ల, తర్వాత వినల్ల, కడాన ముట్టల్ల” అని.

ఆ ఎండలో మిద్దె మీద నేను అదే చేశాను. చూశాను, విన్నాను. చీపురు కట్టెను జాలీలోంచి దూర్చి, మళ్లీ కరెంటు వేసినప్పుడు రెక్కను మెల్లగా తోశాను. రెక్క బద్ధకంగా కదిలి, కాస్త ఊపందుకుని, మళ్లీ నీరసపడి ఆగిపోయింది. ఇంట్లో సీలింగు ఫ్యానులు ఇట్లా చేస్తే కండెన్సరు పోయిందని అర్థం. మోటారును మొదట్లో కదిలించే చిన్న డబ్బీ అది. కిందికి వచ్చి అమ్మతో చెప్పాను. ఆమె కళ్లు మూసుకునే విని, “కండెన్సరే. ఇంకేం ల్యా” అంది. ఇద్దరం ఒకటే చెప్పాం కాబట్టి ఇక అనుమానం రాలేదు.

కంపెనీ వాళ్లకు ఫోన్ చేస్తే, ఊరంతా ఏసీలు చెడిపోయాయి మేడం, మీ వంతు వచ్చేసరికి నాలుగైదు రోజులు పడుతుందన్నారు. మా వీధి ఎలక్ట్రీషియన్ సాయంత్రం వచ్చి కండెన్సరు మార్చాడు. ఫ్యాను తిరిగింది. అమ్మ అతనికి మజ్జిగ ఇప్పించి, దేవుడు నిన్ను దీవించనీ అని పంపింది. ఆ రోజు చల్లగా పడుకున్నాం.

మర్నాడు ఎండ ఎక్కాక గది మళ్లీ వేడెక్కింది. మిద్దె ఎక్కి చూస్తే రెక్కలు ఆగి ఉన్నాయి. ఈసారి కట్టెతో తోసినా కదల్లేదు. బురదలో దిగబడ్డ బండి చక్రంలా బిగుసుకుపోయింది. కరెంటు కట్టేసి కిందికి వచ్చాను. అమ్మ నల్లద్దాల కింద నుంచి చెమట కారుతోంది. మెత్తటి గుడ్డతో ఒత్తి తుడిచాను.

“తమ్మున్ని పిల్చు” అంది అమ్మ.

నేను ఆ గుడ్డను పిండి ఆరేశాను.

నాయన పోయాక అంగడి తమ్ముడే చూసుకున్నాడు. ఏళ్లు గడిచేకొద్దీ బావుల మీద మోటార్లు తగ్గిపోయాయి. కాలిన మోటారు చుట్టించడం కంటే కొత్తది కొనడమే సులువైంది. ఒక రోజు తమ్ముడు ఇంట్లోకి వచ్చి, అంగడి మూసేస్తానమ్మా, తోరణగల్లు దగ్గర ఉక్కు ఫ్యాక్టరీలో పని దొరికింది అన్నాడు. అమ్మ లేచి వంటింట్లోకి పోయింది. తమ్ముడు అక్కడే కాసేపు నిలబడి బయటికి వెళ్లాడు. లారీలు తూకం వేసే చోట కూర్చునే ఉద్యోగం అతనిది. అప్పటినుంచీ అతను మోటారు ముట్టలేదు. క్రిస్మస్‌కు భార్యా పిల్లలతో వస్తాడు, కేకు తింటాడు, చీకటి పడక ముందే బస్సెక్కుతాడు. ఫోన్లో అమ్మతో ఒంట్లో బాగుందా, భోంచేశావా అనేదాకే మాట. అంగడి మాట ఎవరమూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే అలవాటైపోయింది.

“వాడు ఆ పని మానేసి ఎన్నేండ్లాయె. ఫ్యాను బాగుచేయనీకి పిలిస్తే ఏమనుకుంటాడో” అన్నాను.

“చేయకుంటే మాన్లే. వచ్చి సూసి పోనీ” అంది అమ్మ.

ఫ్యాను కోసం కాదని నాకు అప్పుడే అర్థమైంది. ఫోన్ చేస్తే తమ్ముడు సరే అక్కా అని మాత్రం అన్నాడు.

మరుసటి ఉదయం మొదటి బస్సులోనే వచ్చాడు. దారిలో బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు కట్టించుకొచ్చాడు. భుజాన ఒక పాత గుడ్డసంచి. కింద పెడితే గలగలమంది. అందులో నాయన స్క్రూడ్రైవర్లు, పానాలు, అరిగిపోయిన కొయ్యసుత్తి ఉన్నాయి. అంగడితో పాటు అవన్నీ పోయాయనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ కొయ్యసుత్తిని చేతిలోకి తీసుకుని చూసి, మళ్లీ సంచిలో పెట్టాను.

“వందనాలమ్మా” అని మంచం పక్కన నిలబడ్డాడు. అమ్మ అతని చెయ్యి పట్టుకుని మణికట్టు నుంచి మోచేయి దాకా తడిమింది.

“సన్నగైనావు. ఆ బిసిల్లో ఏం పనో ఏమో” అంది.

బిసిలంటే మాకు ఎండే. కన్నడంలో వాళ్లనే మాట మా నోటికీ వచ్చేసింది.

ఎండ పెరగక ముందే మిద్దె ఎక్కాం. నేను గొడుగు పట్టుకున్నాను, తమ్ముడు డబ్బా ముందు గొంతుకూర్చున్నాడు. కింద మెయిన్ కట్టేశామా లేదా అని నన్ను మళ్లీ పంపి చూపించుకున్నాడు. తర్వాత చాలాసేపు ఏదీ ముట్టకుండా కూర్చుని చూశాడు. నాయన కూర్చున్నట్టే, ఒక మోకాలు పైకి పెట్టి, దాని మీద గడ్డం ఆనించి. ఆ కూర్చోవడం అతనికి తెలిసి వచ్చింది కాదు. నేను గొడుగు కాస్త పక్కకు వంచి ముఖం తిప్పుకున్నాను.

జాలీ విప్పితే రెక్కల మీదా లోపలి రేకుల మీదా ఎర్రదుమ్ము పేరుకుని ఉంది. గనుల నుంచి గాలికి వచ్చి ఊరంతా పట్టే దుమ్మే అది. బ్రష్షుతో దులిపాడు. ఈ రెక్క మధ్యలో ఉన్న నట్టు మామూలు నట్టులా కాదు, మూసే వైపు తిప్పితే ఊడుతుంది అని చెబుతూ తిప్పాడు. నట్టు వచ్చింది కానీ రెక్క రాలేదు. ఇరుసుకు తుప్పు పట్టి అతుక్కుపోయింది. నూనె పోసి, నానేదాకా ఆగి, కొయ్యసుత్తితో చుట్టూ మెల్లగా కొట్టాడు. టొక్, టొక్ అని ఆ శబ్దం విని ఎన్నేళ్లయిందో. చిన్నప్పుడు మధ్యాహ్నాలు ఆ శబ్దంలోనే హోంవర్కు రాసుకునేదాన్ని, ఆ శబ్దంలోనే నిద్రపోయేదాన్ని. అది ఆగితే మెలకువ వచ్చేది.

రెక్క ఊడింది. తమ్ముడు మోటారు ఇరుసును వేళ్లతో తిప్పి చూశాడు. గరగరమంటూ కొద్దిగా కదిలి పట్టేసింది. తీగలకు మీటరు పెట్టి చూశాడు.

“కండెన్సరు తప్పు ల్యాక్కా. బేరింగులో గ్రీసు ఎండిపోయి మోటారే పోయింది. సల్లగున్నంతసేపు తిరిగింది, వేడెక్కినాక పట్టేసింది. అట్లనే కరెంటు లాగి లాగి లోపల తీగచుట్ట మాడిపోయింది” అన్నాడు.

అమ్మ, నేనూ ఇద్దరం కండెన్సరే అన్నామని చెబితే చిన్నగా నవ్వాడు. నాయన ఉన్నా మొదట అదే మార్చేవాడు అన్నాడు.

“దీన్ని చుట్టొచ్చు గదా?” అని అడిగేశాను. నోరు జారిందనే చెప్పాలి.

“చుట్టొచ్చు. నేను చుట్టను. కొత్తది వేసేద్దాం” అన్నాడు. నా వైపు చూడకుండా, పిట్టగోడ అవతల కనిపించే ఏకశిల గుట్టను చూస్తూ అన్నాడు.

తీగలు ఏది ఎక్కడ ఉందో నా ఫోన్లో ఫోటో తీసి పెట్టుకుని మోటారు విప్పాడు. ఇరుసు పొడవు, మందం సరిపోవాలని పాత మోటారునే సంచిలో వేసుకుని బజారుకు వెళ్లాడు. నాయన అంగడి ఉన్న వీధి మీదుగానే వెళ్లాలి. ఇప్పుడక్కడ మొబైల్ ఫోన్ల కవర్లు అమ్ముతారు.

కొత్త మోటారు బిగించి, ఫోటో చూస్తూ తీగలు కలిపి, రెక్క ఎక్కించాడు. నేను కిందికి పోయి మెయిన్ వేసి, ఏసీ పెట్టి, మళ్లీ పైకి వచ్చాను. కాసేపటికి రెక్కలు కదిలి జోరందుకున్నాయి. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. వేడిగాలి ముఖానికి కొడుతుందేమో చూద్దామని జాలీ ముందు నిలబడ్డాను. గాలే తగల్లేదు. పైగా నా కొంగు ఎగిరి జాలీకి అతుక్కుంది.

“ఏమప్పా, ఇది గాలి లోపలికి గుంజుతాందే” అన్నాను.

తమ్ముడు కొంగు వైపూ రెక్క వైపూ చూసి పగలబడి నవ్వాడు. అతను అట్లా నవ్వడం చూసి చాలా కాలమైంది. ఆ డబ్బా వెనక నుంచి గాలి పీల్చి ముందుకు తోయాలి. కొత్త మోటారు రెండు వైపులా తిరిగే రకం, ఏ వైపు కావాలో చూసి దాని పిన్ను మార్చి పెట్టాలి. అది మర్చిపోయాడు. మా చిన్నప్పుడు ఒకసారి నాయన కూడా ఇట్లాగే, మోక రైతు పంపుమోటారు తిరగేసి కలిపి ఇచ్చాడట. పంపు గిరగిర తిరుగుతోంది, కాలువలోకి నీళ్లు మాత్రం పడడం లేదు. ఆ రైతు ట్రాక్టరు మీద తిరిగొచ్చి, ఏవండీ, మా మోటారు అలిగిందండీ అన్నాడట. ఈ సంగతి నాకు తెలియదు. ఆ రోజు నేను బళ్లో ఉన్నాను కాబోలు. తమ్ముడు పిన్ను మారుస్తూ అది చెప్పి, ఆ రైతు గొంతు అనుకరించి, మళ్లీ నవ్వాడు.

ఈసారి వేడిగాలి దబ్బున ముఖానికి కొట్టింది. ఎండలో అంత వేడిగాలి తగిలితే సంతోషించిన రోజు నాకు వేరే లేదు.

కిందికి వచ్చేసరికి గది చల్లబడడం మొదలైంది. తమ్ముడు కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చాడు. పాత మోటారు సంచిలోంచి తీసి గుమ్మం పక్కన పెట్టబోతుంటే అమ్మ, అది ఇట్ల ఇయ్యి అంది. కంటికి దుమ్ము తగులుతుందని నేను వద్దన్నా వినలేదు. పాత గుడ్డలో చుట్టి ఇచ్చాను. లేచి కూర్చుని ఒళ్లో పెట్టుకుంది. చూడలేదు. వంగి వాసన చూసింది.

మాడిన వార్నీషు వాసన. గదంతా మెల్లగా అదే నిండింది. నాకు రేకు డబ్బా, బల్బుల వెలుతురు, నాయన చొక్కా కళ్ల ముందుకు వచ్చాయి. తమ్ముడికి ఏం గుర్తొచ్చిందో, తల వంచుకుని అరచేతిలోని నూనె మరకను రుద్దుకుంటున్నాడు.

“ఈ వాసనే మీ నాయనకు ఊపిరితిత్తుల్లో చేరిండేది” అంది అమ్మ.

చివరి ఏళ్లలో నాయన దగ్గు మాకు తెలుసు. గోడ అవతలి వాళ్లకు కూడా తెలుసు. దేని వల్ల వచ్చిందో డాక్టర్లు గట్టిగా చెప్పలేదు. అమ్మ మాత్రం తన మనసులో ఏనాడో తేల్చుకుంది.

“అంగడి మూసినప్పుడు నీకు కష్టమైంది గదమ్మా” అన్నాడు తమ్ముడు. ఇన్నేళ్లలో ఆ మాట ఎత్తడం అదే మొదలు. “నువ్వు వంటింట్లోకి పోయి ఏడ్చినావు. నేను బయట నిలబడి విన్నా.”

అమ్మ అతని వైపు ముఖం తిప్పింది. నల్లద్దాల వెనక కళ్లు కనబడలేదు.

“ఏడ్చినా. దేవునికి స్తోత్రం చెప్పుకుంటా ఏడ్చినా” అంది. “నువ్వు కూడా దగ్గడం మొదలుపెట్టింటివి అప్పట్లో. పొద్దున లేస్తే నీ దగ్గు అచ్చం పోయిన మీ నాయన దగ్గు మాదిరే వినపడేది నాకు. మూసెయ్ రా అని నా నోటితో ఎట్ల చెప్పేది? అది మీ నాయన అంగడి. నువ్వే మూస్తానంటివి. నా కొడుకు బతికినాడనుకుంటిని.”

తమ్ముడు మరకను రుద్దడం ఆపేశాడు.

“నువ్వు చెప్పల్ల గదమ్మా” అన్నాడు.

“నువ్వు అడగల్ల గదప్పా” అంది అమ్మ.

అతను మంచం మీద ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఆమె ఒళ్లోని మోటారు తీసి పక్కన పెట్టాడు. అమ్మ చెయ్యి చాపితే తల వంచాడు. చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు చేసినట్టు ఆమె అతని తల మీద చెయ్యి పెట్టి, పెదాలు కదుపుతూ ప్రార్థన చేసింది. మాటలు నాకు వినిపించలేదు. నేను వంటింట్లోకి వెళ్లి రొట్టెలు తట్టడం మొదలుపెట్టాను. తట్టే శబ్దంలో నా ఏడుపు ఎవరికీ వినిపించకుండా జాగ్రత్త పడ్డాను.

ఆ మధ్యాహ్నం ముగ్గురం ఆ గదిలోనే, చాప మీద కూర్చుని తిన్నాం. అమ్మకు నేను తుంచి పెట్టాను. వంకాయ కూర, రొట్టె, పెరుగు. తింటున్నంతసేపూ మాట్లాడిందంతా అంగడి గురించే. ఎవరి మోటారు ఎన్నిసార్లు కాలింది, ఏ క్యాంపు ఆయన కూతురి పెళ్లికి పోయి కోస్తా వంట తిని మేం నోళ్లు మండించుకున్నాం, వాన వచ్చి అంగడిలోకి నీళ్లు చేరితే నాయన బల్ల మీద నిలబడి పాటలు ఎట్లా పాడాడు అని. నాకు తెలియనివి తమ్ముడు చెప్పాడు, మా ఇద్దరికీ తెలియనివి అమ్మ చెప్పింది. పెళ్లైన కొత్తలో తీగ దించడం రాక ఆమె ఒక మోటారంతా పాడుచేస్తే, నాయన కోప్పడకుండా సినిమాకు తీసుకెళ్లాడట. సినిమాలు పాపమనే మిషన్ కాంపౌండు గుడి పెద్దలకు తెలియకూడదని ఇద్దరూ వేరువేరు దారుల్లో ఇంటికి వచ్చారట. తమ్ముడు బస్సు వేళ దాటిపోయింది. ఎవరమూ గుర్తు చేయలేదు. ఆ తర్వాతి బస్సుకు వెళ్లాడు.

మోటారును అతను తన వెంట తీసుకుపోతానన్నాడు. అమ్మ వద్దంది. ఇంట్లో కూడా వద్దు, పాత సామాన్ల వాడికి వేసెయ్యి అంది. మరుసటి రోజు వీధిలో బండి వస్తే వేసేశాను.

ఇప్పుడు తమ్ముడు ప్రతి వారం సెలవు రోజున వస్తున్నాడు. ఒక్కోసారి పిల్లలను కూడా తెస్తాడు. వాళ్లు మిద్దె మీదికి పరుగెత్తితే ఆ ఫ్యాను దగ్గరికి పోవద్దని కేకలు వేస్తాడు. అమ్మకు కుడికన్ను బాగా తేటపడింది. గోడ మీద నాయన ఫోటోకు పట్టిన దుమ్ము కనిపిస్తోందని నన్ను దబాయిస్తోంది. వానలు పడ్డాక ఎడమకంటికి కూడా చేయించాలన్నాడు డాక్టరు. ఆ రోజు ఆసుపత్రికి అమ్మ నన్ను రావద్దంది. కొడుకు సెలవు పెట్టి తీసుకుపోతాడట. ఇద్దరూ ఫోన్లో తేదీ కూడా మాట్లాడుకున్నారు.